సాఫ్ట్‌బాల్ సందేహాలు: ఆ ఒక్క పరుగు ఎక్కడ పోయింది?

అమెరికాలో వేసవి లీగుల కాలం కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా స్లోపిచ్ సాఫ్ట్‌బాల్ (బంతిని ఎత్తుగా, నెమ్మదిగా వేసే రకం) మీదే. చాలావాటిలో ఫిర్యాదు ఒకటే: ఇరవై పరుగులకు అటూ ఇటూ కొట్టాం, ఒక్కదానితో పోయింది, తప్పు ఎవరిది? విడివిడిగా జవాబిస్తున్నాం. మీ లీగు సొంతంగా పెట్టుకున్న నిబంధనలు వేరుగా ఉండవచ్చు. అవి రాసిన కాగితం కిట్ బ్యాగులో ఉంచుకోండి.

ప్రశ్న: ఆఫీసు వాళ్లం, అపార్ట్‌మెంటు వాళ్లం కలిసి కట్టుకున్న టీమ్ మాది. పోయిన గురువారం 22–21తో ఓడిపోయాం. ముందు బ్యాటింగ్ మాది. ఇన్నింగ్స్ వారీగా మా పరుగులు 5, 0, 4, 3, 2, 0, 7. వాళ్లవి 3, 6, 1, 8, 0, 3, 1. ఏడో ఇన్నింగ్స్‌లో ఏడు కొట్టి 21–21 చేశాం. తర్వాత వాళ్ల వంతు. మొదటి బ్యాటర్‌కు వాక్ (నాలుగు తప్పు బంతులకు ఉచితంగా ఫస్ట్ బేస్), రెండో అతను సింగిల్, మూడో అతను పాపప్. ఒక ఔట్, ఫస్ట్ బేస్‌లో ఒకడు, థర్డ్‌లో ఒకడు. నాలుగో బ్యాటర్‌కు రెండు స్ట్రైకులు పడ్డాక బంతిని లెఫ్ట్ వైపు గీత బయటికి ఎత్తుగా లేపాడు. మా లెఫ్ట్ ఫీల్డర్ (నాకు బావమరిది) కంచె దాకా పరిగెత్తి అద్భుతంగా పట్టాడు. థర్డ్‌లో ఉన్నవాడు ట్యాగ్ అప్ చేసి (క్యాచ్ పట్టేదాకా బేస్ మీదే ఉండి, ఆపైన పరిగెత్తి) హోమ్‌కు చేరాడు. ఆట అయిపోయింది. సగం టీమ్ శభాష్ అంటోంది, సగం టీమ్ ‘ఎందుకు పట్టావురా’ అంటోంది. ఎవరు రైటు? స్కోరు పుస్తకం పేజీలు జతచేశాను.
– డాలస్ నుంచి ఒక కెప్టెన్

జవాబు: ముందు ఆ క్యాచ్ సంగతి తేల్చేద్దాం. వదిలేయాల్సిన బంతి అది. ఫౌల్ భూభాగంలోనైనా ఫ్లైని (గాల్లోకి లేచిన బంతిని) పట్టేస్తే బంతి ఆటలోనే ఉంటుంది, రన్నర్ ట్యాగ్ అప్ చేయవచ్చు. కంచె దగ్గర నుంచి హోమ్‌కు 200 అడుగుల పైన త్రో. పరిగెత్తుకుంటూ పట్టినవాడు నిలదొక్కుకుని విసిరేసరికి 65 అడుగులు పరిగెత్తాల్సినవాడు హోమ్ దాటేస్తాడు. అదే బంతి నేలమీద పడితే ఫౌల్, డెడ్ బాల్, రన్నర్లు ఉన్నచోటికి తిరిగి రావాలి.

మీ విషయంలో ఇంకో మెలిక కూడా ఉంది, దాన్ని మీ టీమ్‌లో ఎవరూ గమనించినట్టు లేదు. స్లోపిచ్‌లో రెండు స్ట్రైకుల తర్వాత ఫౌల్ కొడితే బ్యాటర్ ఔట్, ఎవరూ పట్టకపోయినా సరే. కొన్ని లీగుల్లో ఒక ఫౌల్‌ను మాఫీ చేస్తారు, అది అప్పటికే వాడేసి ఉంటే ఇక మినహాయింపు లేదు. అంటే ఆ బంతిని వదిలేసి ఉంటే ఔటూ వచ్చేది, పరుగూ ఆగేది. రెండు ఔట్లు, ఫస్ట్‌లో ఒకడు, థర్డ్‌లో ఒకడు. ఒక్క గ్రౌండర్ (నేల మీద దొర్లే బంతి) సెకండ్ బేస్‌కు విసిరితే ఎనిమిదో ఇన్నింగ్స్. ఇలా కావాలని వదిలితే స్కోరర్ ఎర్రర్ (ఫీల్డర్ తప్పు) రాస్తాడేమో అని జంకే ఫీల్డర్లు ఉంటారు. బేస్‌బాల్ స్కోరింగ్ నిబంధనల్లోనే దీనికి మినహాయింపు ఉంది: రెండు ఔట్లు కాకముందు థర్డ్ నుంచి పరుగు రాకుండా ఆపడానికి ఫౌల్ ఫ్లైని కావాలని వదిలితే అది ఎర్రర్ కాదు.

కానీ పరిగెత్తే మనిషికి ఇదంతా ఆలోచించే వ్యవధి ఉండదు. పిచ్‌కు (బంతి వేయడానికి) ముందే చెప్పాలి. షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఫీల్డర్) వెనక్కి తిరిగి ‘లోతు ఫౌల్ వదిలెయ్’ అని రెండు సార్లు అరిస్తే చాలు. ఆ అరుపు వినపడలేదంటే తప్పు మీ బావమరిదిది కాదు, కెప్టెన్‌ది. ఆ పరిస్థితిలో అవుట్‌ఫీల్డ్ అంత లోతున నిలబడటం కూడా దండగే. ఫ్లై మీద హోమ్‌కు విసరగలిగేంత దూరంలోనే నిలబడాలి. తల మీదుగా పోయే బంతి ఎలాగూ ఆటను ముగించేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీరు పంపిన పేజీల్లో ఆఖరి ఇన్నింగ్స్ కంటే నాలుగో ఇన్నింగ్స్ చూడండి. వాళ్లకు అక్కడ ఎనిమిది పరుగులు వచ్చాయి, హిట్లు మాత్రం ఐదే. ఒక్కో బ్యాటర్‌ను వరసగా చదువుదాం.

మొదటి బ్యాటర్ వాక్. రెండో బ్యాటర్ లెఫ్ట్-సెంటర్‌లోకి సింగిల్. ఫీల్డర్ కటాఫ్‌ను (దూరపు త్రోను మధ్యలో అందుకునే మనిషిని) వదిలేసి నేరుగా థర్డ్‌కు విసిరాడు, అక్కడ రన్నర్ ఎప్పుడో చేరాడు, ఈలోగా బ్యాటర్ సెకండ్‌కు వెళ్లాడు. మూడో బ్యాటర్ ఫ్లైతో ఒక పరుగు, ఒక ఔట్. నాలుగో బ్యాటర్ వాక్. ఐదో బ్యాటర్ రైట్‌కు సింగిల్: సెకండ్‌లో ఉన్నవాడు ఎలాగూ హోమ్ చేరేవాడే. అయినా హోమ్‌కు విసిరారు, అదీ కటాఫ్ తల మీదుగా. సెకండ్‌లో ఆగాల్సినవాడు థర్డ్‌కు, ఫస్ట్‌లో ఆగాల్సినవాడు సెకండ్‌కు పోయారు. ఆరో బ్యాటర్ షార్ట్‌స్టాప్‌కు మామూలు గ్రౌండర్. ఫోర్స్ (వెనకవాడు వస్తున్నందున బేస్ ఖాళీ చేయక తప్పని స్థితి) ఎక్కడా లేదు, ఫస్ట్‌కు విసిరిన బంతి కంచె బయటికి పోయింది. బంతి మైదానం దాటితే, చేతి నుంచి వదిలిన క్షణంలో ఎవరు ఏ బేస్ తాకి ఉన్నారో అక్కడి నుంచి రెండేసి బేస్‌లు. ఇద్దరు హోమ్‌కు, బ్యాటర్ సెకండ్‌కు. ఆ తర్వాత ఒక ఫ్లై ఔట్, ఒక వాక్, ఒక డబుల్, రెండు సింగిల్స్. మొదటి సింగిల్ మీద మళ్లీ హోమ్‌కు అనవసరపు త్రో, బ్యాటర్ మళ్లీ సెకండ్‌కు.

హిట్ కాకుండా మీరే చేతికిచ్చిన బేస్‌లు లెక్కపెట్టండి. వాక్‌లు మూడు. రెండో బ్యాటర్‌కు అదనంగా ఒకటి. ఐదో బ్యాటర్ దగ్గర ఇద్దరికీ చెరొకటి. కంచె దాటిన త్రో మీద ఒకడికి ఒకటి, ఒకడికి రెండు, బ్యాటర్‌కు రెండు. పదో బ్యాటర్‌కు ఒకటి. మొత్తం పన్నెండు. నాలుగు బేస్‌లకు ఒక పరుగు అనుకుంటే అవే మూడు పరుగులు. వాటిలో అన్నిటికంటే ఖరీదైనది ఐదో బ్యాటర్ మీద హోమ్‌కు విసిరిన ఆ బంతి. దాన్ని సెకండ్ బేస్‌కు విసిరి ఉంటే ఫస్ట్‌లో ఒకడు, సెకండ్‌లో ఒకడు, ఒక ఔట్. తర్వాతి గ్రౌండర్ షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్‌కు, అక్కడి నుంచి ఫస్ట్‌కు. డబుల్ ప్లే (ఒకే బంతికి రెండు ఔట్లు) పడితే ఇన్నింగ్స్ రెండు పరుగులతోనే ముగిసేది. పడకపోయినా ముందున్న ఒకడైనా ఔటయ్యేవాడు.

స్లోపిచ్‌లో అవుట్‌ఫీల్డర్లు నలుగురు. అయినా అందరూ హోమ్‌కే విసురుతారు, చూడ్డానికి బాగుంటుంది కాబట్టి. బ్యాటర్‌ను ఫస్ట్‌లోనే ఆపగలగడం అంతకంటే విలువైన పని. స్టీలింగ్ (హిట్ లేకుండానే తర్వాతి బేస్‌కు పరిగెత్తడం) లేని ఆటలో అలా ఆపినవాడు అక్కడే ఉంటాడు, తర్వాతి గ్రౌండర్‌కు ఫోర్స్ దొరుకుతుంది. కాబట్టి సాధన ఇలా చేయండి. అవుట్‌ఫీల్డ్ నిండా మనుషులు, ఫస్ట్‌లోనూ సెకండ్‌లోనూ రన్నర్లు. ఒకరు ఇరవై బంతులు కొట్టాలి. అవుట్‌ఫీల్డర్‌కు రెండే గమ్యాలు: సెకండ్ బేస్, లేదా కటాఫ్ మనిషి. లెఫ్ట్, లెఫ్ట్-సెంటర్ బంతులకు షార్ట్‌స్టాప్ కటాఫ్, రైట్ వైపు బంతులకు సెకండ్ బేస్ మనిషి. చేతులు పైకెత్తినా కటాఫ్‌కు అందనంత ఎత్తున వచ్చిన త్రో లెక్కలోకి రాదు. ఇరవైలో పదహారు సరిగ్గా వచ్చేదాకా హోమ్‌కు విసరడం నేర్పకండి. పిచ్చర్ ఆ సమయంలో మట్టిదిబ్బలా నిలబడకుండా హోమ్ వెనక్కో థర్డ్ వెనక్కో పరిగెత్తి అడ్డం నిలవాలి.

పేజీలన్నీ కలిపితే మీవాళ్లు ఇచ్చిన వాక్‌లు తొమ్మిది. ఆ తొమ్మిది మందిలో ఏడుగురు హోమ్ చేరారు. ఆఖరి పరుగు కూడా వాక్ తీసుకున్నవాడిదే.

ప్రశ్న: ప్రాక్టీసులో పది పిచ్‌లు వేస్తే ఎనిమిది మ్యాట్ (హోమ్ ప్లేట్ వెనక పరిచే పట్టా, దాని మీద పడితే స్ట్రైక్) మీద పడతాయి. మ్యాచ్‌లో రెండో ఇన్నింగ్స్ వచ్చేసరికి వరసగా వాక్‌లు. మా లీగులో కౌంట్ 1–1తో (ఒక బాల్, ఒక స్ట్రైక్) మొదలవుతుంది. ఏం మార్చాలి?
– చార్లెట్ నుంచి ఒక పిచ్చర్

జవాబు: 1–1తో మొదలైతే మూడు తప్పు బంతులకే వాక్. కాబట్టి మొదటి పిచ్ బాల్ అయిందా, మీరు అప్పుడే గోతిలో ఉన్నారు. మూలలు వెతకడం మానేసి మొదటి పిచ్‌ను మ్యాట్ నడిమధ్యకు వేయండి. స్లోపిచ్‌లో కొట్టనివ్వడమే పిచ్చర్ పని. వెనక ఎనిమిది మంది ఉన్నది అందుకే.

ఎత్తు సంగతి. యూఎస్‌ఏ సాఫ్ట్‌బాల్ సంఘం నిబంధనల్లో బంతి నేల నుంచి 6 అడుగులకు తగ్గకుండా, 10 అడుగులు దాటకుండా లేవాలి. మరో సంఘం యూఎస్‌ఎస్‌ఎస్‌ఏ లీగుల్లో 3 నుంచి 10 అడుగులు. మీది ఏదో ముందు తెలుసుకోండి, చాలామంది పిచ్చర్లకు ఇదే తెలియదు. రెండు చోట్లా పనికొచ్చే గుర్తు ఒకటుంది: బాస్కెట్‌బాల్ రింగ్. అది సరిగ్గా 10 అడుగులు. మీ బంతి శిఖరం దాని అంచుకు కాస్త కింద ఉంటే రెండు నిబంధనలకూ సరిపోతుంది. పిచింగ్ ప్లేట్ నుంచి హోమ్ ప్లేట్‌కు 50 అడుగులు. నడుము ఎత్తులో వదిలి 10 అడుగుల దాకా లేపిన బంతి దారిలో సగం కంటే కొంచెం ముందే, మీ నుంచి సుమారు 23 అడుగుల దగ్గర, శిఖరానికి చేరుతుంది. చేతి నుంచి మ్యాట్ దాకా ఒకటిన్నర సెకనుకు కాస్త తక్కువ పడుతుంది. శిఖరం హోమ్‌కు దగ్గరగా జరిగితే బంతి మ్యాట్ దాటిపోతుంది, మీ వైపు జరిగితే ప్లేట్ ముందే పడుతుంది. కాబట్టి చూపు మ్యాట్ మీద కాదు, గాల్లో ఆ 23 అడుగుల చోట పెట్టండి. బ్యాటర్ మీ మీదికి చూస్తున్నప్పుడు అది మనసును కుదురుగా ఉంచుతుంది కూడా.

మ్యాచ్‌లో చెడేది సాధారణంగా మూడు చోట్ల. ఒకటి, తొందర. నిబంధన ప్రకారం వేసే ముందు కనీసం ఒక సెకను పూర్తిగా కదలకుండా ఆగాలి. బెదిరిన పిచ్చర్ ఆ సెకను తగ్గిస్తాడు. అంపైర్ ‘ఇల్లీగల్’ అనకపోయినా లయ పోతుంది. రెండు, చేయి సగంలో ఆగిపోవడం. తప్పు పడుతుందన్న భయంతో వేలు వెనక్కి లాగుతారు, బంతి పొట్టిగా పడుతుంది. వదిలాక చేయి భుజం ఎత్తు దాకా వెళ్లాలి. మూడు, గాలి. ఎదురుగాలిలో బంతి ఆగి నిలువునా పడుతుంది, కొంచెం బలంగా వేయాలి. వెనకగాలిలో ఎత్తు తగ్గించాలి.

సాధనకు బకెట్‌లో 50 బంతులు పెట్టుకోండి. ఐదేసి చొప్పున వేయండి. ప్రతి ఐదుకూ మధ్య ఫస్ట్ బేస్ దాకా పరిగెత్తి వచ్చి, రొప్పుతూ వేయండి. మ్యాచ్‌లో మీరు వేసేది అలాగే కదా. ఇంకొక మాట: వదిలిన వెంటనే రెండు మూడడుగులు వెనక్కి జరగండి, ముఖానికి మాస్క్ పెట్టుకోండి. ఇప్పటి కాంపోజిట్ (కార్బన్ నారతో చేసిన) బ్యాట్ల దెబ్బకు బంతి తిరిగి మీ ముఖం దాకా రావడానికి అర సెకను కూడా పట్టదు.

ప్రశ్న: ఏడో ఇన్నింగ్స్, 18–19తో వెనకబడి ఉన్నాం. ఒక ఔట్, సెకండ్‌లోనూ థర్డ్‌లోనూ మావాళ్లు. రైట్ ఫీల్డ్‌కు లోతైన ఫ్లై, పట్టేశారు. థర్డ్‌లో ఉన్నతను సరిగ్గా ట్యాగ్ అప్ చేసి హోమ్ దాటాడు. సెకండ్‌లో ఉన్నతను మాత్రం ముందే కదిలాడు. వాళ్లు బంతిని సెకండ్‌కు విసిరి అప్పీల్ చేశారు, మూడో ఔట్. ‘ఫోర్స్ ఔట్ కాబట్టి పరుగు చెల్లదు’ అని అంపైర్ అన్నాడు. ఓడిపోయాం. సరేనా?
– అట్లాంటా నుంచి ఒక పాఠకుడు

జవాబు: సరికాదు. మీవాడు బంతి సెకండ్‌కు చేరకముందే హోమ్ తాకి ఉంటే పరుగు చెల్లుతుంది, 19–19.

బేస్ మీద కాలుపెట్టి ఔట్ చేసేసరికి చాలామంది దాన్ని ఫోర్స్ అనుకుంటారు. బ్యాటర్ రన్నర్‌గా మారి పరిగెత్తుతున్నందువల్ల ముందున్నవాడు తన బేస్ ఖాళీ చేయక తప్పనప్పుడే ఫోర్స్. ఇక్కడ ఫ్లై పట్టగానే బ్యాటర్ ఔట్ అయ్యాడు, ఎవరి మీదా ఒత్తిడి లేదు. ముందే కదిలినందుకు వచ్చే ఔట్ కేవలం సమయం లెక్క: ముందు హోమ్ తాకారా, ముందు ఔట్ పడిందా, అంతే. మూడో ఔట్ ఫస్ట్ బేస్ చేరని బ్యాటర్‌ది అయితేనో, నిజమైన ఫోర్స్ అయితేనో పరుగు పోతుంది.

అయితే ఆ సంగతి ఇప్పుడు నిరూపించినా లాభం లేదు. నిబంధనను తప్పుగా అన్వయించినప్పుడు ప్రొటెస్ట్ చెప్పే హక్కు ఉంది, కానీ తర్వాతి పిచ్‌లోపే చెప్పాలి. ఆట ముగించిన ప్లే అయితే అంపైర్లు మైదానం వదలకముందే. ‘కాలు ముందు పడిందా, బంతి ముందు వచ్చిందా’ లాంటి కళ్లతో చూసి చెప్పేవాటి మీద ప్రొటెస్ట్ ఉండదు. ‘ఇది ఫోర్స్ కాదు, టైమ్ ప్లే, దీని మీద ప్రొటెస్ట్ చేస్తున్నాం’ అని కెప్టెన్ మర్యాదగా, స్పష్టంగా చెప్పి, ఇన్నింగ్స్, ఔట్లు, రన్నర్లు, కౌంట్ స్కోరు పుస్తకంలో రాయించాలి. గెలిస్తే అక్కడి నుంచే ఆట మళ్లీ మొదలవుతుంది.

మీ రన్నర్‌కు కూడా ఒక మాట: క్యాచ్ లోతుగా ఉంది కదా అని థర్డ్ నుంచి జాగింగ్ చేస్తూ వచ్చేవాళ్లు ఎక్కువ. ఇలాంటి అప్పీల్ ఒకటి వెనకాల జరుగుతుందని వాళ్లకు తెలియదు. హోమ్ దాటేదాకా పూర్తి వేగంతో పరిగెత్తాలి.

ప్రశ్న: మాది ఆడా మగా కలిసి ఆడే లీగు. బ్యాటింగ్ వరసలో ఆరో స్థానంలో ఉన్న నేను నీళ్ల కోసం వెళ్లాను. నా తర్వాతి ఏడో ఆయన వెళ్లి డబుల్ కొట్టారు, రెండు పరుగులు వచ్చాయి. వెంటనే అవతలి కెప్టెన్ అప్పీల్ చేస్తే అంపైర్ నన్ను ఔట్ అన్నారు, రెండు పరుగులూ తీసేశారు, పైగా ఏడో ఆయన్నే మళ్లీ బ్యాటింగ్‌కు రమ్మన్నారు! 18–17తో ఓడాం. బ్యాటే పట్టని నేను ఔట్ ఏంటి?
– ఎడిసన్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వింతగా అనిపించినా అంపైర్ చెప్పింది అక్షరాలా సరైనదే, అమ్మా. వరస తప్పినప్పుడు శిక్ష పడేది రావాల్సి కూడా రానివారికి. కొట్టినవారి హిట్, దాని మీద వచ్చిన పరుగులు రద్దు. ఔటైన ఆరో స్థానం తర్వాత ఏడోది కాబట్టి ఆయనే మళ్లీ రావాలి.

ఎప్పుడు బయటపడిందన్న దాని మీదే అంతా ఆధారపడుతుంది. ఏడో ఆయన ఇంకా బ్యాటింగ్ చేస్తుండగానే మీవాళ్లు గమనించి ఉంటే మీరు పరుగున వెళ్లి ఆయన కౌంట్‌తోనే ఆడవచ్చు, ఎవరూ ఔట్ కాదు. ఆయన బ్యాటింగ్ ముగిశాక, తర్వాతి పిచ్‌లోపు ఎదుటివాళ్లు అప్పీల్ చేస్తే మీకు జరిగిందే జరుగుతుంది. తర్వాతి పిచ్ పడిపోతే అంతా చెల్లుతుంది, ఎనిమిదో స్థానం నుంచి వరస సాగుతుంది. అందుకే అనుభవమున్న స్కోరర్ ఎదుటి టీమ్ వరస తప్పిందని చూసినా కిక్కురుమనడు. ఆ తప్పు బ్యాటర్ ఔటైతే సంతోషం, హిట్ కొడితే అప్పుడు చేయెత్తుతాడు. మోసమేమీ కాదు, నిబంధనే ఆ వెసులుబాటు ఇచ్చింది.

మీ లీగులో మరో నిబంధన కూడా ఉండే ఉంటుంది: మగ బ్యాటర్‌కు వాక్ ఇస్తే రెండు బేస్‌లు, అప్పటికి రెండు ఔట్లైతే తర్వాతి మహిళ కావాలంటే బ్యాట్ పట్టకుండానే వాక్ తీసుకోవచ్చు. ఆ అవకాశాన్ని కళ్లు మూసుకుని తీసుకోకండి. మీ తర్వాత వచ్చేది మీకంటే బాగా కొట్టేవాళ్లయితేనే తీసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ స్కూల్ టీమ్‌లో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. వాళ్ల స్కోర్లు 2–1, 3–0 ఇలా ఉంటాయి. అమెరికాలో ఉన్న మా తమ్ముడు 22–21 అంటాడు. ఇద్దరూ ఆడేది ఒకే ఆటేనా? అంత స్కోరు చేసే ఆటను ఆట అనవచ్చా?
– హైదరాబాద్ నుంచి ఒక తండ్రి

జవాబు: పేరు ఒకటే, ఆటలు రెండు. మీ అమ్మాయి ఆడేది ఫాస్ట్‌పిచ్. జట్టుకు తొమ్మిది మంది. మహిళల అంతర్జాతీయ ఆటలో పిచింగ్ దూరం 43 అడుగులు, అంటే 13.11 మీటర్లు. బేస్‌ల మధ్య 60 అడుగులు. చేయి గిర్రున తిప్పి కింది నుంచి విసిరే బంతి పెద్ద స్థాయిలో గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. అంత దగ్గరి నుంచి అంత వేగంతో వస్తే బ్యాట్ తగలడమే గొప్ప. ఒలింపిక్స్‌లో ఆడేది ఇదే: 2008 బీజింగ్ ఫైనల్‌లో జపాన్ 3–1తో, టోక్యోలో మళ్లీ 2–0తో అమెరికాను ఓడించింది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు ఈ ఆట తిరిగి వస్తోంది.

మీ తమ్ముడిది స్లోపిచ్. పది మంది ఫీల్డర్లు, 50 అడుగుల పిచింగ్ దూరం, తల పైకి లేచి నెమ్మదిగా దిగే బంతి, స్టీలింగ్ లేదు. అక్కడ బ్యాట్ తగలకపోతేనే వింత. ఆఫీసు అయ్యాక నలభై ఏళ్లవాళ్లు కూడా ఆడగలగాలని ఉద్దేశించినది. బంతి ప్రతిసారీ ఫీల్డులోకి వస్తుంది కాబట్టి కష్టమంతా ఫీల్డర్లదే.

అంత స్కోరు ఆటేనా అన్నారు కాబట్టి చెప్పాలి: సాఫ్ట్‌బాల్ పుట్టిందే అలాంటి స్కోరుతో. 1887 నవంబరు, థ్యాంక్స్‌గివింగ్ రోజు. షికాగోలోని ఫారగట్ బోట్ క్లబ్‌లో హార్వర్డ్, యేల్ పూర్వ విద్యార్థులు ఫుట్‌బాల్ ఫలితం కోసం ఎదురుచూస్తున్నారు. యేల్ గెలిచిందని కబురు రాగానే ఒకాయన ఉత్సాహంలో బాక్సింగ్ గ్లవ్ విసిరాడు, ఎదుటివాడు కర్రతో కొట్టాడు. అక్కడే ఉన్న జార్జ్ హాంకాక్ ఆ గ్లవ్‌ను తాడుతో బంతిలా కట్టించి, హాలు నేల మీద సుద్దతో గీతలు గీసి, చీపురు కర్రను బ్యాట్ చేసి ఆట పెట్టించాడు. ఆ మొదటి ఆట 41–40తో ముగిసిందని చెబుతారు. ‘సాఫ్ట్‌బాల్’ అన్న పేరు వైఎంసీఏకు చెందిన వాల్టర్ హాకన్‌సన్ సూచనతో 1926లో వచ్చింది. షికాగోలో ఇప్పటికీ 16 అంగుళాల చుట్టుకొలత ఉన్న పెద్ద బంతితో, గ్లవ్ లేకుండా ఆడతారు. వేళ్లు వంకరపోయిన ముసలి ఆటగాళ్లు అక్కడ కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మీ అమ్మాయికి మాత్రం ఇప్పుడే స్లోపిచ్ అలవాటు చేయించకండి. నెమ్మదైన బంతికి ఆలస్యంగా ఊపే అలవాటు ఫాస్ట్‌పిచ్‌లో దెబ్బతీస్తుంది.

ప్రశ్న: సాయంత్రం చలిలో ఆడాం. బంతి ఎంత కొట్టినా పోలేదు, పైగా కొత్త కాంపోజిట్ బ్యాట్ పగిలింది. 14–13తో ఓటమి. బ్యాట్ నాసిరకమా?
– సియాటిల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ ఒక్క సంగతితో బ్యాట్‌ను నాసిరకం అనలేం. స్లోపిచ్ బంతి మీద ‘.52’, ‘300’ అని ఉంటుంది: మొదటిది ఎంత ఎగురుతుందో, రెండోది ఎంత గట్టిగా ఉంటుందో చెప్పే అంకెలు. అవి ప్రయోగశాల గది వెచ్చదనంలో కొలిచినవి. చలికి బంతి లోపలి పదార్థం రాయిలా గట్టిపడుతుంది, కాంపోజిట్ గోడ పెళుసుబారుతుంది. రెండూ కలిస్తే పగులు. 60 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 16 సెల్సియస్, కంటే తగ్గితే కాంపోజిట్ పక్కన పెట్టి అల్యూమినియం బ్యాట్ తీయండి. బ్యాట్‌ను రాత్రంతా కారు డిక్కీలో వదిలేయకండి, ఇంట్లో పెట్టండి. ప్రతి దెబ్బకూ పావు తిప్పు తిప్పి పట్టుకుంటే ఒకేచోట అరగదు. సన్న పగులు ఉందేమో గోరుతో గీరి చూడండి, చివరి మూత కదులుతుందేమో, ఊపితే లోపల గలగలమంటుందేమో చూడండి. పగిలిన బ్యాట్‌తో దిగితే అంపైర్ చూసినప్పుడు మీ హిట్ కూడా పోవచ్చు.

ప్రశ్న: మా పుస్తకంలో 17–17. వాళ్ల పుస్తకంలో 18–17. ఆఖరున వాళ్లదే చెల్లుతుందన్నారు. ఇదేం న్యాయం?
– శాన్ హోసే నుంచి ఒక పాఠకుడు

జవాబు: లీగుల్లో ఎక్కువగా హోమ్ టీమ్ పుస్తకమే అధికారిక లెక్క. న్యాయం సంగతి ఆట తర్వాత కాదు, ప్రతి సగం ఇన్నింగ్స్‌కూ తేల్చుకోవాలి. మూడో ఔట్ పడగానే మీ స్కోరర్ లేచి వెళ్లి ‘ఈ వంతులో మీకు నాలుగు, మొత్తం పన్నెండు, సరేనా’ అని అడిగి, అంపైర్‌కు వినపడేలా చెప్పి రావాలి. తేడా వస్తే ఆ ఇన్నింగ్స్‌లో బ్యాటింగ్ చేసినవాళ్లను లెక్కపెట్టండి: వచ్చిన బ్యాటర్ల సంఖ్యలోంచి ఔట్లు, బేస్‌ల మీద మిగిలినవాళ్లు తీసేస్తే వచ్చేదే పరుగులు. పన్నెండు మంది వస్తే, ముగ్గురు ఔట్, ఒకడు ఫస్ట్‌లో మిగిలితే ఎనిమిది. ఈ కూడిక తప్పకుండా సరిపోవాలి. సరిపోలేదంటే ఎవరో ఒక బ్యాటర్‌ను రాయడం మర్చిపోయారన్నమాట. సాధారణంగా అది ఫీల్డర్ తప్పు మీద బేస్ చేరినవాడే అవుతాడు.